ముప్పై ఎనిమిది పచ్చాకు కోసులు

‘గాలిబాట’ నవల – పదకొండో వారం

పోయిన వారం మన లింగమూర్తిని కరీంనగర్ డాక్‌బంగ్లా మెట్ల మీద నిలబెట్టి వదిలేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉన్నాడు. చంకలో ఫైలు, చేతిలో గొడుగు, మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం సంగతి నాలుగు ముక్కల్లో చెప్తాను. పాతవాళ్లు కాస్త ఓర్చుకోవాలి.

సంవత్సరం 1951. కరీంనగర్ ఊరి చివర యుద్ధకాలంలో చదును చేసిన విమానాల మైదానం ఒకటుంది. అలాంటిదే ఇంకొకటి ఆదిలాబాద్‌లో ఉంది. ఈ రెంటి మధ్య వారానికి రెండుసార్లు చిన్న విమానం, అంటే మనవాళ్ల మాటలో గాలిమోటరు, నడుపుతామని హైదరాబాదు కంపెనీ ఒకటి ముందుకొచ్చింది. టపా సంచులు మోస్తుంది, నడిపే ఆయన కాక ఇద్దరు కూర్చోవచ్చు. అది నడిస్తే ప్రతి గురువారం ఆదిలాబాద్ వెళ్లి ఆపరేషన్లు చేసి వస్తానని ఇక్కడి మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ మాటిచ్చింది.

ఆ మాట పట్టుకుని ఆదిలాబాద్‌లో ఒక మనిషి రోజులు లెక్కపెడుతోంది. లింగమూర్తి మరదలు యాదవ్వ. రెండు కాన్పులు పోయాయి. ఇది మూడోది. ఎనిమిదో నెల నిండుతోంది, బిడ్డ అడ్డం తిరిగి ఉంది. కోసి తీయాల్సిందేననీ, అది తన చేతిలో లేదనీ అక్కడి దవాఖానా డాక్టరు చెప్పేశాడు. ఆమెను బస్సులో తెద్దామంటే వానలకు తెగిన రోడ్డు మీద ఒక పగలంతా కుదుపులే. డాక్టరమ్మే బస్సెక్కి పోదామంటే రానూ పోనూ మూడు రోజులు, ఇక్కడ వార్డు నిండా మనుషులు.

ఇక కంపెనీ షరతు. విమానం ట్యాంకులో పట్టేది రెండున్నర గంటల పెట్రోలు. ఆదిలాబాద్‌లో విమానానికి పోసే పెట్రోలు దొరకదు. కాబట్టి పోను గంట, రాను గంట, ఆపదకు అరగంట. గంటకు నూరు మైళ్లు పోయే బండి కనుక దూరం నూరు మైళ్లు దాటకూడదు. జిల్లా సర్వే కచేరీ నుంచి వచ్చిన కాగితంలో దూరం నూట పంతొమ్మిది మైళ్లని ఉంది. కంపెనీ మనిషీ, విమానం నడిపే ఆయనా ఒకరే అయిన కెప్టెన్ రుస్తుంజీ దాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టి, రేపు పొద్దున ఖాళీ విమానంతో హైదరాబాదు పోతున్నానన్నాడు.

ఆ నూట పంతొమ్మిది రాసిన చెయ్యి ఆ కచేరీ గుమాస్తా లింగమూర్తిదేనని మనకు తెలుసు. అతని భార్య కమలవ్వకే తెలియదు. అదుగో, డాక్‌బంగ్లా గేటు తోసుకుని వస్తున్నది ఆమే.

ఆమె మొగుడి కోసం రాలేదు. కెప్టెన్ కాళ్లమీద పడైనా ఒప్పిద్దామని వచ్చింది. వరండాలో పేముకుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్న రుస్తుంజీ, ఈమె మొదలుపెట్టకముందే చెయ్యి అడ్డం పెట్టాడు. సికింద్రాబాదు పారసీ ఆయన. తెలుగు వచ్చు, కానీ అది ఉర్దూ చొక్కా తొడుక్కుని బయటికొస్తుంది.

“నాది తప్పు లేదమ్మా. మీ జిల్లానే రాసి ఇచ్చింది. చూడు, నీచే, అంటే కింద, దస్తఖత్ గూడ ఉంది” అని కాగితం తిప్పి చూపించాడు.

కమలవ్వకు చదువు రాదు. కానీ పన్నెండేళ్లుగా జీతం రశీదుల మీద, అత్తగారికి రాసే కార్డుల మీద చూస్తున్న సంతకం అది. చివర లాగిన తోకతో సహా గుర్తుపట్టింది. మెల్లగా వెనక్కి తిరిగింది.

“ఏమయ్యా, గిది నీదేనా?”

లింగమూర్తి గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. “నాదే.”

“మూడు దినాల సంది నేను ఏడుస్తనే ఉన్న. గా దూరం రాసినోని చెయ్యి పడిపోనని తిట్టిన. నువ్వు పక్కనే కూసోని బువ్వ తిన్నవ్. తిట్టేది నన్నేనని ఒక్కసారన్న నోరు తెరిచినవా?”

“ఏమని తెరవాలె? ఉన్నదే రాసిన.” లింగమూర్తి గొంతు పెంచాడు. తప్పు తనవైపు ఉందేమోనని అనుమానం వచ్చినప్పుడు మొగవాళ్లకు గొంతు దానంతటదే పెరుగుతుంది. “నక్షాల సూటిగ గీత ఉన్నది. గోదావరి దాక నలభై మూడు మైళ్లు. అవుతలి నుంచి ఆదిలాబాద్ మైదానం దాక ముప్పై ఎనిమిది కోసులు. కోసుకు రెండు మైళ్లు. డెబ్బై ఆరు. రెండు కలుపు. నూట పందొమ్మిదైతదా కాదా? నీ చెల్లెకు బాధైతదని నేను గోదావరిని ఇవుతలికి జరపాల్నా?”

కమలవ్వ కళ్లు తుడుచుకుంటున్న కొంగు అక్కడే ఆపేసింది.

“కోసులా? గోదావరి అవుతల కోసులా?”

“అవ్.”

“ఏ కోసు?”

“ఏ కోసేంది? కోసంటే కోసే.”

“నీ మొకం. మా దిక్కు కోసంటే కోసే కాదు. సర్కారు కోసు వేరు, పచ్చాకు కోసు వేరు. మా బాపు అడివిల నుంచి పత్తిబండ్లు తోలుకొచ్చెటోడు. ఊరు దాటంగనే ఓ పచ్చాకు తెంపి రుమాలు మీద చెక్కుకుంటుండె. గది వాడిపోయేదాక నడిచిందే ఒక్క కోసు. గది పారేసి ఇంకోటి తెంపితే రెండో కోసు. జిన్నింగు మిల్లు కాడ ఎంత దూరమొచ్చినవే మల్లన్నా అనంటే, తొమ్మిది ఆకులొచ్చిన అని జెప్పెటోడు.”

కెప్టెన్ చాయ్ కప్పు కింద పెట్టాడు. లింగమూర్తికి మాత్రం నవ్వొచ్చింది. అది సర్కారు నక్షా, పటం మూలన సర్కారు ముద్ర, దాన్ని ఆకులతో కొలుస్తారా? అదే మాట అన్నాడు.

“నేననుడు ఎందుకు? కొలిచినోణ్ని అడుగు. మీ కచేరీ కాన్నే కూసుంటడు గద” అంది కమలవ్వ.

ఆమె అన్నది రాయమల్లు గురించి. సర్వే కచేరీలో ఒకప్పుడు గొలుసు లాగిన మనిషి. పించను తీసుకుని పన్నెండేళ్లయినా రోజూ పొద్దున పది కొట్టేసరికి కచేరీ అరుగు మీదికి వచ్చేస్తాడు. పాత కొలత గొలుసు ఒకటి ముందు వేసుకుని, కడియం కడియానికీ ఆముదం రాస్తుంటాడు. ఆ గొలుసుతో కొలిచే పని ఎవరికీ లేదు, ఆయనకు ఆ పని మానే ఉద్దేశం లేదు.

మొగుడూ పెళ్లాలు గబగబా నడుచుకుంటూ వెళ్లేసరికి ఆయన ఆముదం చేతులు పంచెకు తుడుచుకుంటున్నాడు. లింగమూర్తి లోపలికెళ్లి నక్షా తెచ్చి అరుగు మీద పరిచాడు.

“తాతా, గోదావరి అవుతల గీ కోసులు ఎట్ల కొలిచిండ్రు?”

రాయమల్లు నక్షా మీదికి వంగి, చిన్నప్పటి స్నేహితుణ్ని చూసినట్టు చూశాడు.

“ఇవుతల దాక గొలుసే పరిచినం సారూ. అవుతల అంత అడివి. గొలుసు పరిస్తే ముండ్లకంపల ఇరుక్కుంటుండె, తీసెటాళ్లకు పొద్దు గూకుతుండె. ఇగ మా కొలతల దొర అమీన్ సాబు ఏం జేసిండు, జెండా పాతిచ్చి జెండాకు సూటిగ నడవుమన్నడు. నడిచినం. ఎన్ని కోసులొచ్చెరా అనంటే ఎన్ని ఆకులు వాడినయో గన్ని అని జెప్పినం. రాసుకున్నడు.”

“ఆకులే?” లింగమూర్తి నక్షా మీంచి తల ఎత్తాడు.

“ఆకులే. మోదుగాకు దొరికితే మోదుగాకు, టేకాకు దొరికితే టేకాకు.”

“గిన్నేండ్ల సంది ఎందుకు చెప్పలేదు?”

“గిన్నేండ్ల సంది ఎవ్వలడిగిండ్రు?” అన్నాడు రాయమల్లు.

కమలవ్వ మొగుడి మొహం వైపు చూసింది. ఆ చూపు తిట్టుకన్నా గట్టిది.

లింగమూర్తికి అప్పుడు నక్షా మూలన ఉర్దూలో ఉన్న తారీఖు కనబడింది. ఎన్నిసార్లు చూశాడో ఆ మూలను! తీర్ నెల, 1334 ఫస్లీ, అంటే 1925. నిజాం సర్కారు లెక్కలో తీర్ అంటే మన మే నెల. రోళ్లు పగిలే ఎండలు. ఆ ఎండలో తెంపిన ఆకు ఎంతసేపు నిలుస్తుంది?

“అర్ధగంటకే అప్పడమైతుండె” అన్నాడు రాయమల్లు. “అమీన్ సాబుకు గూడ అనుమానమొచ్చింది. ఓనాడు సాపు జాగ దొరికితే ఒక్క ఆకు కోసు గొలుసుతోని కొలిపిచ్చిండు. నూట అయిదు గొలుసులచ్చింది. నేనే లాగిన, నాకు యాది లేకపోవుడేంది?”

ఎనభై గొలుసులు ఒక మైలు. ఆ సంగతి లింగమూర్తికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. కచేరీ గోడ మీదే బొగ్గు ముక్కతో లెక్క వేశాడు. ముప్పై ఎనిమిది కోసులు, కోసుకు నూట అయిదు. మూడు వేల తొమ్మిది వందల తొంభై గొలుసులు. యాభై మైళ్లకు పది గొలుసులు తక్కువ. గోదావరికి ఇవతల నలభై మూడు. మొత్తం తొంభై మూడు మైళ్లు.

గంటకు నూరు మైళ్ల చొప్పున యాభై ఆరు నిమిషాలు.

లింగమూర్తి గోడ ముందు నిలబడి దాన్ని మూడుసార్లు సరిచూశాడు. మూడుసార్లూ యాభై ఆరే వచ్చింది. నాలుగోసారి చూడబోతే కమలవ్వ అతని చేతిలోంచి బొగ్గు లాక్కుంది.

“లెక్క అయిపోయింది. ఇగ కాగితం రాయి.”

ఇక్కడ లింగమూర్తి చల్లబడిపోయాడు. అతని మీద కోపం తెచ్చుకోకండి. కొత్త కాగితం ఇవ్వాలంటే పాత కాగితం తప్పని, ఆ తప్పు తనదని, తన చేత్తో రాయాలి. నిజాం సర్కారు పోయి మూడేళ్లే అయింది. పాత నౌకర్లను ఒక్కొక్కరినీ తూచి చూస్తున్నారు, ఎవరిని ఉంచుతారో ఎవరిని పంపిస్తారో తెలియదు. నెల కిందటే పక్క బల్ల గుమాస్తా ఇంతకన్నా చిన్న తప్పుకు ఇంటికి పోయాడు. జిల్లా పేరుతో తప్పు దూరం ధ్రువీకరించానని సంతకం పెట్టడమంటే, దారిన పోతున్న పామును పిలిచి మెడలో వేసుకోవడమే.

“నౌకరి పోతదే కమలా” అన్నాడు చిన్నగా.

“పోతే పోయింది. మగ్గం ఉన్నది, నీ చేతులున్నయి. మా యాదవ్వకు ఇంకో పాణమున్నదా?”

అతనికి కోపం రాలేదు, సిగ్గు వేసింది. మూడు రోజులు పక్కన కూర్చుని అన్నం తిన్నందుకు వేసింది. లోపలికెళ్లి కలం తెచ్చి, అరుగు మీదే కూర్చుని రాశాడు. ‘కోసు అన్న మాటకు అర్థం విచారించకుండా లెక్క కట్టడం నా పొరపాటు’ అన్న వాక్యం దగ్గర కలం మళ్లీ సిరాలో ముంచి, పూర్తిచేశాడు. సంతకం కింద తోక ఎప్పటికంటే పొడుగ్గా లాగాడు. అది చూసి ఆ రోజు మొదటిసారి కమలవ్వ నవ్వింది.

రుస్తుంజీ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకుని విని, కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వాడు.

“అరె వా! నేను మీ జిల్లాను దూరం పతా, అంటే జాడ, అడిగితే, మీరు పత్తా తెచ్చిన్రు! ఆకు!” తర్వాత నవ్వు ఆపి తన మ్యాపు తీశాడు. అరచేయంత కాగితంలో సగం హిందుస్తాన్ ఉంది. “మంచి మ్యాపులన్నీ మిలిటరీ తాళం కింద ఉన్నయి. ఇందులో నాకు గూడ తొంభైలాగనే కనబడింది. కానీ వేలు పెడితే వేలు కిందనే పది మైళ్లు పోతుంది. అందుకని మీ కాగితం నమ్మిన. ఇప్పుడు ఇంకో కాగితం తెచ్చిన్రు. ఏది సచ్చా?”

“గిదే” అన్నాడు లింగమూర్తి.

“అచ్ఛా. గడియారాన్ని అడుగుదాం. రేపు పొద్దున హైదరాబాదు పోను, ఆదిలాబాద్ వైపు పోత. ఇరవై ఆరో నిమిషంలో గోదావరి దాటాలె. అరవై నిమిషాలకు నా కింద మైదానం ఉంటే దిగుత, సర్వీసు పక్కా. లేకపోతే ఒక్క నిమిషం గూడ ముందుకు పోను. వెనక్కి తిప్పేస్త. తిరిగి రావడానికి పెట్రోలు కావాలె గదా.”

కబురందుకుని సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. గుంటూరు వైపు మనిషి, మాట కోత కోసినట్టు ఉంటుంది. అంతా విని లింగమూర్తిని నిలదీసింది.

“రేపు రెండు ఆపరేషన్లు ఆపుకుని ఎక్కాలి నేను. సగం దూరం వెళ్లి గాలి తిని వెనక్కి రావడానికి నాకు తీరిక లేదు. లెక్క మీద మీకంత నమ్మకముంటే, రెండో సీట్లో మీ ఇంటి మనిషిని కూర్చోబెట్టండి. అప్పుడు నేనూ ఎక్కుతాను.”

లింగమూర్తి నోరు తెరిచేలోపే కమలవ్వ అందుకుంది.

“నేను కూసుంట డాక్టరమ్మా. అక్కడ నీకు చేతికింద సాయం గూడ అయిత.”

“రైలు గూడ ఎక్కలేదు గదనే!” అన్నాడు లింగమూర్తి.

“ఎక్కితే ఏమైతది, దిగుడే గద” అంది కమలవ్వ.

మర్నాడు పొద్దున వాన వెలిసి ఆకాశం కడిగిన గిన్నెలా ఉంది. మైదానంలో మేస్తున్న మేకలను తోలడానికే పావుగంట పట్టింది. రుస్తుంజీ తడి నేలను బూటు మడమతో తొక్కి చూసి, బరువు తగ్గించాలన్నాడు. కమలవ్వ మూటలోంచి బియ్యం తీసేసింది, చెల్లెలికని వండిన సకినాలు తీసేసింది. అడుగున పాత నూలు చీరలు చింపి, ఉతికి, మడత పెట్టిన మెత్తటి గుడ్డలున్నాయి.

“అవి గూడ” అన్నాడు కెప్టెన్.

“గవి తియ్య. గవి పుట్టెటి పిల్లకు” అంది కమలవ్వ. కెప్టెన్ ఒక క్షణం ఆమె వైపు చూసి, తన తోలుసంచి తీసి కిందపెట్టాడు.

ఎక్కేముందు ఆమె మొగుడి వైపు తిరిగింది. ఏదో అనబోయి, “పొయ్యి మీద పప్పున్నది, మాడగొట్టకు” అని ఎక్కేసింది.

ఆరు గంటల నలభై నిమిషాలకు విమానం బురద చిమ్ముతూ పరుగెత్తి, మైదానం చివరి తుమ్మల మీదుగా లేచింది. కూడిన జనమంతా ఒక్కసారి ఓ అని అరిచారు. లింగమూర్తికి గుండె నిండిపోయింది. ఉద్యోగం మాట గుర్తే రాలేదు. ఏడు గంటల ముప్పై ఆరు నిమిషాలకు తన భార్య ఆదిలాబాద్ నేల మీద కాలు పెడుతుంది. ఎనిమిదిన్నరకల్లా యాదవ్వ దగ్గర డాక్టరమ్మ ఉంటుంది. తన చేత్తో వేసిన లెక్క ఇంత అందంగా గాల్లోకి లేస్తుందని ఏ గుమాస్తా ఊహించగలడు? విమానం ఉత్తరాన చుక్కై, చుక్క కూడా మాయమయ్యే దాకా చూశాడు.

పక్కన నిలబడ్డ రాయమల్లు కూడా చూశాడు. కిందటి రాత్రి కురిసిన వానకు మైదానం గడ్డి ఇంకా తడిగానే ఉంది. ఆయన వంగి గడ్డి మీద చెయ్యి రాసి, తడి చేతిని చూసుకుని, గొంతు సవరించుకున్నాడు.

“సారూ, ఒక్క ముచ్చట యాది మరిచిన.”

“ఏంది తాతా?”

“ఆ ఏడు తీర్ నెలల గాలిదుమారమొచ్చి అయిదు దినాలు వాన వట్టింది. గా అయిదు దినాలు గూడ నడిచినం. ఆకు తొందరగ వాడకపాయె. నడిచి నడిచి కాళ్లు గుంజుతుండె.”

లింగమూర్తి గబుక్కున ఆయన వైపు తిరిగాడు. “వానల ఆకు కోసు ఎంతుంటది?”

“సర్కారు కోసంత ఉంటది. రెండు మైళ్లు.”

రెండు మైళ్లంటే నూట అరవై గొలుసులు, తను వేసింది నూట అయిదే; అలాంటి కోసు ఒక్కొక్కటికీ లెక్కలో యాభై అయిదు గొలుసులు తక్కువ పడ్డాయి. గంటలో మిగిలింది ఏడు మైళ్లు, అంటే అయిదు వందల అరవై గొలుసులు. బొగ్గు లేదు, గోడ లేదు, అయినా లెక్క దానంతటదే తేలింది. పది కోసుల దాకా పర్వాలేదు, గంటలోపే దిగుతారు. పదకొండోది ఒక్కటి పడితే చాలు, అరవయ్యో నిమిషానికి కింద మైదానం ఉండదు. కెప్టెన్ విమానం వెనక్కి తిప్పేస్తాడు, యాదవ్వ ఊరు ఒక్క నిమిషం దూరంలో ఉండగా.

“తాతా, జర మంచిగ యాది చేసుకో. గా అయిదు దినాలల్ల ఎన్ని కోసులు నడిచిండ్రు?”

“చెప్త, నిమ్మళంగుండు” అన్నాడు రాయమల్లు. కళ్లు మూసుకుని, ఆముదంతో నల్లబడ్డ వేళ్లను ఒక్కొక్కటే ముడవడం మొదలుపెట్టాడు. “మొదటి దినం కడెం వాగు దాక... ఒకటి, రెండు. మల్ల దినం ఉట్నూరు దోవ అడ్డమొచ్చింది... మూడు, నాలుగు, అయిదు.”

ఒక చెయ్యి అయిపోయింది. రెండో చేతిలో వేళ్లు ఆగి ఆగి ముడుచుకుంటున్నాయి. ఎనిమిది ముడిచాడు. తొమ్మిది ముడిచాడు. పది ముడిచాడు.

లింగమూర్తి ఆ రెండు పిడికిళ్లనే చూస్తున్నాడు. రాయమల్లు కళ్లు తెరిచి, పిడికిళ్లు విప్పి, మెల్లగా లింగమూర్తి చెయ్యి అందుకున్నాడు. ధైర్యం చెప్పడానికో, పదకొండో వేలి కోసమో లింగమూర్తికి తెలియలేదు.